నీళ్ల మీద నిలిచిన లకుముకి

మా చర్చి సంఘం కొత్త సంవత్సరానికి గోడ క్యాలెండరు వేయించేది. అందులో ఏటా ఏదో పరదేశపు మంచుకొండ బొమ్మే ఉండేది. శ్రీకాకుళంలో మంచుకొండ చూసినవాళ్లెవరు? ఆ డిసెంబరులో మన నాగావళి బొమ్మ వేద్దామని నేను పట్టుబట్టాను.

"అయితే నువ్వే తీసుకురామ్మా," అన్నారు మా పాస్టరు అయ్యగారు. "ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఇచ్చేయాలి. మధ్యాహ్నం ఆమదాలవలసలో రైలెక్కి ప్రెస్సుకి ఎల్తన్నాను. నీ బొమ్మ లేదంటే మంచుకొండే."

నాకు కావలసిన బొమ్మ ఒక్కటే. నలుపు తెలుపు లకుముకి పిట్ట చేపను వెతుకుతూ నీళ్లకు పైన, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. సృష్టి మొదట్లో దేవుని ఆత్మ జలాల మీద అల్లాడిందని సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. అల్లాడడమంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ పిట్టను చూశాకే.

ఆదివారం తెల్లారగానే ఏటికి వెళ్లాను. అటునుంచి అటే మందిరానికి పోవచ్చని తెల్ల చీరే కట్టుకున్నాను. ఆరాధనకు తెలుపు కట్టడం మా వాళ్ల అలవాటు. పిట్ట ఉంది. కానీ నేను కెమెరా ఎత్తితే చాలు, అరుచుకుంటూ అవతలి ఒడ్డుకు పోయేది. గంట గడిచినా కెమెరాలో ఖాళీ నీళ్లే.

ఒడ్డున తోటకూర మడికి నీళ్లు పోస్తున్న ఒకామె బిందె దించి వచ్చింది.

"ఏటి సేస్తన్నావమ్మా? ఇందాకట్నుంచి సూస్తన్నాను."

"పిట్టని ఫొటో తియ్యాలి పిన్నీ. నన్ను చూసి ఎగిరిపోతంది."

"ఎగిరిపోదేటి మరి? కొంగనాగ తెల్లగా నిల్సున్నావు. కొంగైనా ఇంతెత్తు ఉంటాదా?"

గట్టు మీద ఆరేసిన తన పాత ఆకుపచ్చ చీర తెచ్చి, నా నెత్తి మీంచి కప్పింది. "తోటకూరలో కూకో. దగ్గొచ్చినా మింగీ."

కూర్చున్నాను. మోకాళ్లు బురదలో దిగాయి. పిట్ట రాలేదు. ఎండ ఎక్కింది, దూరంగా మా మందిరం గంట మోగింది. ఆరాధనకు ఏనాడూ ఆలస్యం చేయనిదాన్ని, గాభరాగా లేవబోయాను. పక్కనే కూర్చున్న ఆమె నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"దేవుడు ఎక్కడికీ పారిపోడు. పిట్ట పారిపోతాది."

కాసేపటికి అది వచ్చింది. మా ఎదుటే, నీళ్లపైన, ముక్కు కిందికి వంచి గాలిలో ఆగింది. రెక్కల చప్పుడు కూడా వినిపించింది. లోపల స్తోత్రం చెప్పుకుంటూనే మీట నొక్కాను.

ఆమె చీర ఆమెకిచ్చి పరుగెత్తాను. రెండో కీర్తన సగంలో బురద మోకాళ్లతో వెళ్లి చాప మీద కూర్చున్నాను. ఆ పూట నా గొంతే అందరికంటే పైన ఉందని పక్కావిడ మోచేత్తో పొడిచింది.

ఆరాధన అయ్యాక అయ్యగారు, సంఘపెద్ద ఒకాయన కెమెరా మీదికి వంగారు. ఈ బొమ్మ కింద ఆ జలాల వాక్యం వేయమన్నాను.

"ఆత్మంటే పావురం కదా," అన్నారు పెద్దాయన. "ఇది సేపలు తినే పిట్ట."

అయ్యగారు కెమెరాను కళ్ల దగ్గరికి తెచ్చుకుని బొమ్మను మరోసారి చూశారు.

"యేసయ్య బాప్తిస్మానికి పావురం యొర్దాను ఏటికి వచ్చింది బావా. నాగావళికి ఇదే ఉన్నాది మరి," అని నా వైపు తిరిగారు. "కెమెరాలో కార్డు తియ్యమ్మా, రైలు టైమైపోతంది."

ఆ సంతోషంలో కెమెరానే ఆయన చేతిలో పెట్టేశాను. ఆయనే కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.