‘డా’ మీద నిలబడిన గొంతు

ఆత్మకూరు నుంచి పొద్దున్నే ఉదయగిరి వచ్చే బస్సు మా వీధి మలుపులో ఎప్పుడూ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు టిక్కెట్ల సంచి చంకలో పెట్టుకొని మా గుమ్మం దాకా వచ్చాడు.

“అమ్మా, మీ అత్త తెల్లారుజామున పోయినాదంట. నిద్దట్లోనే. నీకు చెప్పమన్నారు” అన్నాడు. చెప్పి కదల్లేదు. “ఆ కంచం పాట ఆయమ్మ రాసిందంట గదా! నాకు ఈపొద్దే తెలిసింది. ఎన్నేళ్ల నుంచో నా బస్సు ఎక్కతా ఉండాది, ఒక్కనాడన్నా చెప్పిందా?” అని నా మీద కోప్పడ్డాడు.

పోయిన మనిషిని తానింకా ‘ఉండాది’ అంటున్నానని అతనికి తెలియలేదు. నాకు అక్కడే ఏడుపు ఆగలేదు.

ఆమె మా నాయనకు అక్క. ఆత్మకూరులో ఆడపిల్లలకు తెలుగు చెప్పే టీచరు. సెలవులొస్తే మద్రాసు వెళ్లి సినిమాలకు పాటలు రాసి వచ్చేది. రాసినవి తక్కువే. అయితేనేం, పెళ్లి మైకుల్లో, టీ అంగళ్లలో, పిల్లల ఉయ్యాలల దగ్గర ఈనాటికీ అవే. ఆడమనిషి సినిమా పాట రాయడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ల ఇళ్లలోనే పిల్లలు ఆ పాటలకు నిద్రపోయారు. అత్తకు అది తలచుకుంటే నవ్వు.

ఆమె పాట కట్టేది వంటింట్లో. వంకాయలు తరుగుతూ, మధ్యలో చెక్క గరిటెతో పీట మీద తాళం వేస్తూ గొణుక్కునేది. పాలు పోసే ఆమె వస్తే, “ఈ ముక్క ఒకసారి అను” అని అడిగేది. ఆమె నాలుక తడబడిందా, ఆ ముక్క కొట్టివేతే. “కాగితం మీద బాగుంటే నాకేంది, నోట్లో తిరగాల” అనేది. చిన్నప్పుడు చర్చిలో పాడి పాడి పట్టుబడ్డ లయ ఆమెది. ఆ పాటలు నేర్పింది మా అవ్వ.

చిక్కంతా ఆ అవ్వతోనే వచ్చింది. “దేవుడి పాటలు నేర్పిస్తే సినిమా వాళ్ల పాలు చేసినాది” అని కూతురితో మాట మానేసింది. అత్త ఉదయగిరి వస్తే అన్నం పెట్టేది, పలకరించేది కాదు. ఎదురుగానే కూర్చుని, “మీ అత్తకి పులుసు కావాల్నేమో అడుగు” అని నాతో అనేది. అత్త కూడా తక్కువది కాదు. “చాలని మీ అవ్వకి చెప్పు” అనేది. ఇద్దరి మధ్యా నేను పోస్టాఫీసు. నవ్వుకునేదాన్ని కానీ, అలా నా చేత అడిగించిన రోజు అత్త సరిగా తినేది కాదు.

తాత పోయాక కూడా అవ్వ రోజూ ఆయన కంచం కడిగి, బోర్లించి, ఆయన కూర్చునే చోటే పెట్టేది. తీసెయ్యమని ఎవరో అంటే కస్సుమంది. “ఆయన పోతే పోయినాడు, కంచం ఉండాది గదా! దాన్నీ తరిమేయమంటారా ఏంది?” ఆ మాట విని అత్త పెరట్లోకి వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లకు మద్రాసులో అదే పల్లవి అయింది. ‘నువ్వు రాకపోయినా నీ కంచం ఉండాది.’

ఆ రికార్డింగుకు తోడు వెళ్లింది నేనే. టీచరు ట్రైనింగు అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులు. పాట అందరికీ నచ్చింది, చివరి మాట తప్ప. “ఉన్నది అని మార్చండమ్మా, జనం నవ్వుతారు” అన్నారు సంగీతం చేసే పెద్దాయన.

“ఏ జనం సార్? మా జనం నవ్వరు” అంది అత్త.

మార్చకపోతే ఇంకొకరి చేత రాయిస్తామని పక్కనుంచి ఎవరో అన్నారు. అత్త చెయ్యి చల్లబడింది, పట్టుకుని ఉన్నాను కనుక తెలుసు. అయినా నెమ్మదిగానే చెప్పింది. “మీ ట్యూను ఆడ ఆగమంటా ఉండాది సార్. ‘ఉన్నది’లో గొంతు ఎక్కడ నిలబడుతుంది? ‘ఉండాది’ అనమనండి, ‘డా’ మీద ఎంతసేపన్నా నిలబడొచ్చు.” ఆపైన గొంతు తగ్గించి, “అది మా అమ్మ మాట సార్. ఆమె నాతో మాట్లాడదు. ఈ ఒక్క మాటన్నా ఆమె చెవిన పడాల” అంది.

పాడే అమ్మాయి రెండు విధాలా పాడి చూసింది. ఆ పెద్దాయన కళ్లు మూసుకుని విని, “ఉండనీ అమ్మా, ఉండనీ” అన్నారు.

మా పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కే సాయిబు ఉండేవాడు, మేమంతా మామూ అని పిలిచేవాళ్లం. అత్త చేతిలో గరిటె ఆయన చేసిచ్చిందే. రేడియో పెట్టుకుంటేగాని ఆయనకు ఉలి ఆడదు, అది వింటే అవ్వకు పడదు. అత్త వచ్చి ఉన్న ఒక ఆదివారం, మేము అన్నాలు తింటుంటే గోడ అవతల ఆ పాట వచ్చింది. గొంతు ‘డా’ మీద ఆగింది. అవ్వ చేతిలో పులుసు గిన్నె కూడా ఆగింది.

“ఎవురే ఆ పిల్ల? మన మాట మాట్లాడతా ఉండాది! ఉదయగిరా, మర్రిపాడా?”

“నీ మాటేనమ్మా, నేనే రాసినాను” అంది అత్త.

అవ్వ తాత కంచం వైపు చూసింది. “ఆ మాట తీసెయ్యమన్నారా ఎవురన్నా?”

“అన్నారు. తియ్యనీలేదు.”

అవ్వ నన్ను అడగమనలేదు. తనే కూతురి కంచంలోకి వంగి, “ఇంకొంచెం పోసుకో మే, చిక్కిపోయినావు” అంది. అత్త తలెత్తకుండా ఆ పులుసంతా తిన్నది.

అత్తను ఉదయగిరిలోనే, అవ్వ సమాధి పక్కన పెట్టాం. పాస్టరుగారి ప్రార్థన అయింది, మన్ను వేయడమూ అయింది. ఎవరూ కదలడం లేదు. టోపీ సర్దుకుంటూ మామూ, బస్సు పక్కన ఆపుకొని వచ్చిన కండక్టరు, ఆత్మకూరు నుంచి వచ్చిన ఆమె శిష్యురాళ్లు, అందరూ అలాగే నిలబడ్డారు. ఆ పిల్లల్లో ఒకరు, చంకన బిడ్డతో ఉన్న అమ్మాయి, చర్చి పాట కాదు, ఆ పాట ఎత్తుకుంది. ఒక్కొక్కరం కలిశాం. పాస్టరుగారు కూడా కలిశారు. ‘నీ కంచం ఉండా...’ అని అందరి గొంతులూ అక్కడ ఆగాయి. ఊపిరి చాలనివాళ్లు గాలి పీల్చుకొని మళ్లీ అక్కడికే వచ్చారు.

ఆ చివరి ‘ది’ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.