విష్ణుక్రాంతం నీలం

మా తోటికోడలు తీసిన పువ్వు ఫొటో హోసూరు బస్టాండు దగ్గరి స్టూడియో అద్దాల్లో ఒక వానాకాలం నుంచి ఇంకో వానాకాలం దాకా ఉండింది. అన్నాళ్ళూ నేను కూరగాయలకు వేరే వీధి గుండా పోయాను.

తొంభైల సంగతి, రీలు కెమెరాల రోజులు. మా ఇద్దరికీ అడవిపూల పిచ్చి. వానలు పడగానే పొద్దున్నే బస్సెక్కి సూళగిరి గుట్టలకు పోయేవాళ్ళం. నాది ఖరీదైన కెమెరా, ఆమెది అరచేతిలో పట్టేంత చిన్నది. అయినా విష్ణుక్రాంతం నాకు లొంగలేదు. నేలనంటి పాకే ఆ చిన్న పువ్వు కంటికి చక్కటి నీలం, నా ఫొటోలో ఊదా. ఎండలో తీశాను, మబ్బులో తీశాను, గొడుగు నీడ పట్టి తీశాను. ప్రతిసారీ ఊదానే. ఆమె ఫొటోలో మాత్రం అచ్చం ఆ నీలమే.

ఆమెను అడగడానికి నామోషీ. స్టూడియో ఆయన్ను అడిగాను.

"ఆయమ్మ దారం ముక్క ఇచ్చిందమ్మా. ఈ రంగు వచ్చేదాకా ప్రింటు తియ్యప్పా అనింది. పువ్వును నేను యాడ చూసినాను? దారం ఇయ్యనోళ్ళకు మిషన్లో వచ్చిందే ఇస్తాను."

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ దారాల డబ్బా గుట్టకు మోసుకొస్తే, "ఈడ ఎవరికి కుడతావక్కా?" అని ఎగతాళి చేశాను. చీర పక్కన దారం పెట్టి చూసినట్టు, ఆమె పువ్వు పక్కన పెట్టి చూసుకుందన్న మాట.

మరుసటి వానలకు నేనూ సంచిలో నాలుగు నీలం దారాలు దాచుకుని పోయాను. పువ్వు దగ్గర తీసేసరికి ఆమె చూడనే చూసింది.

"అవి కావులే. దీన్ని పట్టి చూడు," అని తన డబ్బాలోంచి ఒక దారం కండె తీసి నా చేతిలో పెట్టింది.

సరిగ్గా కలిసింది. ఇవ్వకుండా దాచుకుని ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా ఉండేది.

ఆ దారం ముక్క స్టూడియోలో ఇస్తే, ఈసారి నా ఫొటో నీలంగానే వచ్చింది. స్టూడియో ఆయన ఆమెది తీసి నాది అద్దాల్లో పెట్టాడు. నేను మళ్ళీ పాత వీధికి వచ్చాను. కూరగాయల సంచి చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడి తనివితీరా చూసుకుంటుంటే, మా పక్కింటామె వచ్చి నిలబడింది.

"మీ అక్క ఈ తూరి ఇంకా బాగా తీసిందే," అంది.

"అది నేను తీసినాను," అన్నాను.

ఆమె ఇంకోసారి ఫొటో వైపు చూసింది.

"అవునా. రంగు చూసి ఆయమ్మదే అనుకున్నా."