అచ్చాయమ్మగారికి కాఫీ ఇవ్వని కంప్యూటర్

మా సూర్యకళకి ఒక పిచ్చి ఉండేది. ధవళేశ్వరంలో మేమిద్దరం పనిచేసే కంప్యూటర్ సెంటర్‌కి అందరూ మగపిల్లలే వచ్చేవారు. ఆడపిల్లలు ఎందుకు రారో చూస్తానని, తొంభై ఎనిమిదిలో, అక్కడి కంప్యూటర్‌నే బొంతలో చుట్టి రిక్షా ఎక్కించి, చుట్టుపక్కల గర్ల్స్ హైస్కూళ్లన్నీ తిప్పింది. దారిలో జనం "ఎవరికమ్మా ఒంట్లో బాగోలేదు?" అని అడిగేవారు. బొంతని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది నేను కాబట్టి జవాబు చెప్పే ఖర్మా నాదే. ఒళ్లు మండేది నాకు.

ఒక రోజు వెళ్లిన బళ్లో సుప్రియ అని తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. మా వేసవి క్లాసులో చేరాలని దానికి మహా కోరిక. వాళ్ల మామ్మ అచ్చాయమ్మగారేమో కుట్టుమిషన్ నేర్చుకోమంటున్నారు. ఆవిడ కాదంటే ఆ ఇంట్లో ఇంకెవరూ ఔననరు. అందుకని ఆవిడనే బతిమాలి బడికి తీసుకొచ్చింది.

హెడ్మిస్ట్రెస్‌గారు అందరి చెప్పులూ గుమ్మం బయట విప్పించారు. మానిటర్‌కి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. సూర్యకళ స్విచ్ వేసింది. కరెంటు పోయింది.

"దీనికోసమా నన్ను ఎండలో నడిపించావు?" అన్నారు అచ్చాయమ్మగారు. సుప్రియకి ఏడుపొక్కటే తక్కువ.

సూర్యకళ తగ్గే రకం కాదు. ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, "కరెంటు వచ్చేదాకా ఈ పిల్లే కంప్యూటర్ అనుకోండి. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, సొంత తెలివి ఉండదు" అంది. స్టాఫ్ రూములోంచి కాఫీ ఫ్లాస్కు తెప్పించి చేతికిచ్చి, చెవిలో ఏదో చెప్పింది.

"కాఫీ తీసుకుంటారా అండి?" అని అడిగింది సుప్రియ.

"అబ్బే, ఇప్పుడెందుకమ్మా" అన్నారు అచ్చాయమ్మగారు.

"సరేనండి" అని సుప్రియ ఫ్లాస్కు మూత బిగించేసింది.

మా వైపు మొదటిసారి వద్దనడం మర్యాద, మళ్లీ మళ్లీ అడగడం అంతకు మించిన మర్యాద. ఒక్క మాటకే మూత బిగించినవాళ్లని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఏంటండీ ఇది, వద్దంటే మానేస్తుందా?" అన్నారు సూర్యకళతో.

"నేర్పితేగాని తెలీదండి దానికి" అంది సూర్యకళ. "మా దగ్గర కంప్యూటర్‌కి నేర్పడానికి వచ్చేవాళ్లంతా మగపిల్లలే. ఇంట్లో ఎవరికైనా ఓ గ్లాసు కాఫీ ఇచ్చిన పాపాన పోయారా?"

"నేను నేర్పుతాను మామ్మా" అంది సుప్రియ. "తీసుకుంటాననేదాకా అడుగుతూనే ఉండాలి, అంతే."

కాఫీ గ్లాసులో పోసి మళ్లీ మొదలెట్టింది. ఆవిడ వద్దనడం, ఇది అడగడం. చాన్నాళ్లకి దొరికిన మర్యాద కదా, ఆవిడ ఓ పట్టాన లొంగలేదు. నాకు కాళ్లు పీకాయి. చివరికి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించారు.

"అడగడం వచ్చిందిగానీ, చల్లారితే వేడిచేసి ఇవ్వాలని తెలీలేదు దీనికి. వేసవంతా నేర్చుకుంటేగాని లాభం లేదు. చేర్చుకోండి టీచరుగారూ."

సంతోషంతో నా కళ్లు చెమర్చాయి. సూర్యకళ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగిపోయింది. సుప్రియ మాత్రం కుర్చీలోంచి కదలకుండా, "ఇంకో గ్లాసు తీసుకుంటారా అండి?" అని అడిగింది.