టీవీకి వీపు పెట్టి కూర్చున్నవాళ్ల ఖాలా

ఖాలా పోయిందన్న కబురు నాకు బోధన్ బస్సులో అందింది. ముందు చెరుకు ట్రాక్టరు ఒకటి దారి ఇవ్వకుండా ఊగుతూ పోతోంది, మా డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఫోన్‌లో గంగామణి "అక్కా, ఖాలా లేదక్కా" అంది. "ఎక్కడికి పోయింది?" అని అడిగాను కూడా. అటువైపు ఏడుపు విన్నాక గాని తలకెక్కలేదు. ఆ రోజు పాఠాలు చెప్పడానికి కాలేజీకి పోలేదు. బోధన్‌లో దిగి, రోడ్డు దాటి, నిజామాబాద్ బస్సు ఎక్కి వెనక్కి వచ్చాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది, ఆమె కంటే వయసులో పెద్దదైన లసుమవ్వతో సహా. ఆమె గురించి రాయడానికి నాకేం హక్కు ఉందో సరిగ్గా తెలియదు. ఆమె పక్కన కూర్చుని ఏళ్ల తరబడి బీడీలు చుట్టినవాళ్లు రాయాల్సిన మాటలివి. వాళ్లకు తీరిక లేదు. ఉన్నా, రాయడం దేనికి, చెప్తే సరిపోదా అంటారు. అందుకని నేను రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు కడిగాక ఆడవాళ్లంతా చాటలు చంకన పెట్టుకుని ఖాలా ఇంటికి వచ్చేవాళ్లు. బీడీ చుట్టే తునికాకు ఈనె కనపడాలంటే వెలుతురు ఎదురుగా ఉండాలి. ఆ ఇంట్లోకి వెలుతురు వచ్చేది తలుపులోంచి మాత్రమే. టీవీ ఏమో లోపలి గోడకు. కాబట్టి అందరూ ఒళ్లో చాటలు పెట్టుకుని తలుపు వైపు తిరిగి, టీవీకి వీపు పెట్టి కూర్చునేవాళ్లు. టీవీని తలుపు పక్కకు మార్చొచ్చు కదా అని ఒకసారి నేను సలహా ఇచ్చాను.

"మారిస్తే చూస్తరు. చూస్తే చుట్టరు," అంది ఖాలా. అక్కడితో ఆ సలహా ముగిసింది.

ఆమె కూడా ఒకప్పుడు చుట్టినామే. వేళ్లు వంగడం మానేశాక చాట పక్కన పెట్టి కుర్చీ వేసుకుంది. ఆ గదిలో టీవీ వైపు తిరిగి కూర్చునేది ఆమె ఒక్కతే. చూడటం ఆమె పని, వినడం మిగతావాళ్ల పని.

వాళ్లు వినేది, రాత్రి వంటల వేళ వేసి మధ్యాహ్నం మళ్లీ వేసే ఒక సీరియల్. అసలు పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు, 'కోట సీరియల్' అనేవాళ్లు. పాతకాలపు సంస్థానం కథ. ఒక ముసలి రాజు, ఆస్తి కోసం కొట్టుకునే కొడుకులు. చిన్న కొడుకు దండుతో ఉత్తరాదికి పోయి తిరిగి రాడు. అతని భార్యను అందరూ చిన్నరాణి అంటారు. ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది. ఖర్చు పెట్టి తీసిన సీరియల్ కాబట్టి మాటలు తక్కువ, సంగీతం ఎక్కువ. మాటలు నడుస్తున్నంతసేపు ఖాలా నోరు విప్పేది కాదు. సంగీతం మొదలుకాగానే "ఇగ చూడుర్రి" అనేది, ఎవరూ తల తిప్పరని తెలిసి కూడా.

ఖాలా పుట్టింది బోధన్‌లో. వాళ్ల నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. ఆ ఊరు ఆమె చెప్పే కథలోకి ఎప్పుడూ వచ్చి కూర్చునేది. కోట గోడ ఎంత ఎత్తు అంటే "మా ఫ్యాక్టరీ గోడ మీద ఇంకో గోడ పెట్టుర్రి, గంత" అనేది. రాజుగారి వంటశాలలో ఆవిర్లు లేస్తే "చెరుకు రసం ఉడుకుతున్నట్టు తియ్యటి వాసన" అనేది.

"టీవీల వాసన గూడ వస్తదానే నీకు?" అనేది లసుమవ్వ.

"ముక్కు నాది, టీవీ నాది. నీకేం కష్టమైతున్నది?"

ఎవరైనా నాలుగు రోజులు రాకపోతే, వచ్చిన రోజు "నువ్వు ఏడిదాక విన్నవ్?" అని అడిగి, మిగతాది మొదట చెప్పి గాని టీవీ పెట్టేది కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అందరూ పండ్లు పట్టుకొచ్చారు. ఖాలా ఉత్త చేతులతో వచ్చి, మంచం పక్కన కూర్చుని, అమ్మ వినలేకపోయిన కథంతా చెప్పి పోయేది. అమ్మ కళ్లు మూసుకుని వినేది. చివరి రోజుల్లో ఎంతవరకు తలకెక్కేదో నాకు తెలియదు. ఒకరోజు కళ్లు తెరవకుండానే "మరి పెద్ద కోడలేమన్నది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఖాలాకు ఎంత రుణపడ్డానో చెప్పడం నాకు చేతకాదు.

గంగామణి ఆ గదిలో చిన్నది. కమ్మర్‌పల్లి నుంచి మా గల్లీకి కోడలిగా వచ్చింది. పెళ్లయిన కొత్తలోనే మొగుడు మస్కట్ పోయాడు. మొదట్లో ఫోన్లు వచ్చేవి, తర్వాత పండుగలకు వచ్చేవి, తర్వాత పండుగలకు కూడా ఆగిపోయాయి. సెలవు మీద వచ్చిన ఆర్మూర్ మనిషి ఒకతను, అక్కడ ఇంకో సంసారం ఉందన్నాడు. ఈ మాట గల్లీ అంతటికీ తెలుసు. గంగామణికి తెలుసా లేదా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. వాళ్లన్న అప్పుడప్పుడు వచ్చి, కమ్మర్‌పల్లి వచ్చెయ్, కుట్టుమిషన్ పెట్టిస్తా అనేవాడు. "ఆయన వచ్చినంక సూద్దాం తియ్యే అన్నా" అని పంపించేసేది. మొగుడి గురించి ఆమె నోట ఇంకో మాట వినలేదు. చాట ఒళ్లో పెట్టుకోగానే అడిగేది ఒక్కటే. "ఖాలా, చిన్నరాణి మొగడు వచ్చిండా?"

కిందటి సీజన్ చివరి భాగం వేసిన మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. కాలేజీకి సెలవు. ఖాలా వంటింట్లోంచి చాయ్ గ్లాసులు పట్టుకుని గదిలోకి వచ్చేసరికి సంగీతం మొదలైంది. తెర మీద గుడారం. చిన్నరాణి భర్త కూర్చుని ఉన్నాడు. ఒకామె వెనక నిలబడి అతని తలపాగా చుడుతోంది. అతని ఒళ్లో పసిపిల్ల. మాట లేదు, మాట అక్కర్లేదు కూడా. నేను గ్లాసులతో అలాగే నిలబడిపోయాను. ఖాలా నా వైపు ఒకసారి చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి ఉన్న వీపులను చూసింది.

"ఇగ చూడుర్రి. గుడారంల ఒక్కడే కూసున్నడు. ఎవలదో పిల్లను ఎత్తుకున్నడు. ఇల్లు యాదికొచ్చి ఏడుస్తున్నడు."

సీజన్ అయిపోయింది. గంగామణి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అందరూ వెళ్లాక వంటింట్లో అడిగాను. "ఖాలా, ఆ పిల్ల ఆయన పిల్లే కదా?"

"ఆఁ."

"మరి అట్ల చెప్తే ఎట్ల?"

గ్లాసులు తిరగేసి పెడుతూ, "కథ ఇంక అయిపోలే బేటీ. అయిపోయినంక అందరికీ ఎరుకైతది. మధ్యల నేనెందుకు చంపాలె?" అంది.

అది దయా, మోసమా? ఆ రోజు అడగలేదు. అడిగితే నవ్వేదేమో. యూనివర్సిటీలో చదివిన చదువు నాకు ఇలాంటి ప్రశ్నలు పుట్టించడం నేర్పింది, తేల్చుకోవడం నేర్పలేదు. ఒకరోజు దయ అనుకుంటాను. ఇంకోరోజు గంగామణి వాకిట్లో ముగ్గు వేస్తూ వీధి చివరిదాకా చూస్తుంటే, ఆమె వయసును ఖాలా కూడా కొంత ఖర్చు పెట్టిందేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత నెలల పాటు టీవీలో వేరే సీరియల్ నడిచినా, గదిలో నడిచింది మాత్రం కొత్త సీజన్ ముచ్చటే.

"వస్తడే. రాకుంటే మళ్ల ఎందుకు తీస్తరు?" అనేది లసుమవ్వ.

"లడాయిల చచ్చిండేమో," అనేది ఖాలా కోడలు.

"గంత పెద్ద హీరోను ఊకెనే చంపుతరా? నీ అసొంటోళ్లు రాస్తే సీరియల్ రెండు రోజులల్ల ఒడుస్తది," అని లసుమవ్వ ఆమె నోరు మూయించేది.

గంగామణి తల ఎత్తకుండానే, "వస్తడు. పరాయి పిల్లను ఎత్తుకొని ఏడ్చిండంటే ఇంటి మీద పాణమున్నట్టే గదా" అనేది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఖాలా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేది.

ఒకరోజు కార్ఖానాలో బీడీలు ఇచ్చి వస్తూ బస్టాండు దగ్గర వీళ్లు కొత్త సీజన్ పోస్టరు బొమ్మ చూశారు. నేనూ అప్పుడే బస్సు దిగాను. పెద్ద బొమ్మ, నీలం పట్టుచీర, చేతిలో కత్తి.

"గీమె ఎవలే?" అంది లసుమవ్వ.

"చిన్నరాణి అని రాసి ఉంది అవ్వా," అన్నాను.

"గీమె చిన్నరాణి ఎట్లయితది? తెల్లగ, పొట్టిగ ఉన్నది. చిన్నరాణి నల్లగ, పొడుగుంటది. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడతది."

మిగతావాళ్లూ అదే అన్నారు. ఇన్నేళ్లు విన్న మనిషిని వాళ్లు గుర్తుపట్టలేదు, ఎందుకంటే ఎన్నడూ చూడలేదు. నేను పక్కకు తిరిగి చూశాను. నల్లగా, పొడుగ్గా గంగామణి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ బొమ్మను చూసి నవ్వుతోంది. బుగ్గ మీద సొట్ట. ఖాలా ఇన్నాళ్లూ ఎవరిని చూస్తూ కథ చెప్పిందో నాకు అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి లసుమవ్వ ఫిర్యాదు చేసింది. "మనిషిని మార్చిండ్రే ఖాలా."

"మార్చినట్టే ఉన్నరు," అంది ఖాలా, నా మొహం చూడకుండా.

షుగర్ ఆమెను చాలా ఏళ్లుగా తింటూ ఉంది. ఈసారి కాలి నుంచి మొదలై పైకి పాకింది. మంచం మీద ఉండగా ఒక సాయంత్రం నేను పోతే, కోడలు బయటికి వెళ్లేదాకా ఆగి మెల్లగా అంది. "కొత్తది మొదలైనంక గంగామణికి నేనే చెప్త. నువ్వు చెప్పకు. నేను ముడేసిన, నేనే ఇప్పుత." సరే అన్నాను. కొత్తది మొదలుకాకముందే ఆమె పోయింది.

పోయినవాళ్ల కోసం నలభయ్యో రోజున చదివే ఫాతెహా అయ్యేదాకా ఆ ఇంట్లో టీవీ పెట్టలేదు. ఈలోగా కొత్త సీజన్ మొదలైపోయింది. ఎవరింట్లో వాళ్లు చూడొచ్చు, అందరికీ టీవీలున్నాయి, ఫోన్లున్నాయి. ఎవరూ చూడలేదు. అందరూ ఆ గది కోసం ఆగారు. నలభై దాటాక ఖాలా కోడలే గల్లీలోకి వచ్చి "రాండ్రి, పెడుతున్న" అని పిలిచింది. మొదటి భాగం ఫోన్‌లోంచి టీవీకి కలిపింది. అందరూ ఎప్పటిలాగే తలుపు వైపు తిరిగి కూర్చున్నారు. కుర్చీ ఖాళీగా ఉంది.

"నువ్వు కూసో టీచరమ్మా," అంది లసుమవ్వ. "మా వీపులకు కండ్లు లెవ్వు."

కూర్చున్నాను. ఖాలా చెప్పొద్దన్న మాట ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పటిదాకా జరిగిన కథ అంటూ పాత ముక్కలు వేశారు. వాటిలో గుడారం వచ్చింది. సంగీతం. గదిలో కత్తెరల చప్పుడు, ఆకు చప్పుడు.

"గుడారం..." అన్నాను.

"గుడారంల?"

"కూర్చున్నడు."

"పిల్ల ఉన్నదా అక్కా?" అని అడిగింది గంగామణి.

"ఉంది."

ఖాలా చెప్పినట్టే చెప్పొచ్చు, నాలుగు మాటలు. ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు, అదీ నాలుగు మాటలే. నాకు రెండూ చేతకాలేదు. కత్తెరలు ఒక్కొక్కటీ ఆగాయి. గంగామణి చాటను ఒళ్లోంచి నేల మీదికి దించింది. ఒక చెయ్యి నేలకు ఆనించి మొత్తం మనిషి ఇటు తిరిగింది. తెర మీద ఆ పసిపిల్ల అతని మీసం పట్టి గుంజుతోంది. గంగామణి చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది గాని, ఆ ముక్క అంత పొడుగు లేదు.

"పిల్లకు ఆయన చెయ్యి అలవాటే," అంది.

"ఏమైందే?" అంది లసుమవ్వ.

"ఏం గాలే అవ్వా. నువ్వు సుట్టు, నేను సెప్త." గొంతు సవరించుకుంది. "గుడారంల కూసున్నడు. ఎనక ఆడిమనిషి ఉన్నది, ఆయన పెండ్లామే. పిల్ల ఆయనదే. ఏడుస్తలేడు. నవ్వుతున్నడు."

"ఏడ్చిండని అత్త..." అంటూ ఖాలా కోడలు ఏదో అనబోయింది.

"ఖాలాకు కండ్లు మసక గదా," అంది గంగామణి వెంటనే. "దూరం నుంచి గట్లనే కనపడ్డదేమో."

లసుమవ్వ మళ్లీ ఆకు అందుకుంది. నేను కుర్చీలోంచి లేచాను. గంగామణి అందులో కూర్చోలేదు, కింద ఉన్నచోటే, టీవీకి ఎదురుగా మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పాత ముక్కలు అయిపోయి కొత్త కథ మొదలైంది. కోట వాకిలి, పొద్దున పూట. మాటల్లేవు.

"చిన్నరాణి బయటికొచ్చింది," అంది. "ఎండ మంచిగున్నది. గుర్రం తెచ్చి నిలబెట్టిండ్రు. ఎక్కింది. పోతున్నది."

"ఏడికే?"

"ఏమో. పెద్ద దర్వాజ దాటింది."

లసుమవ్వ తలూపింది. మిగతావాళ్ల వేళ్లు వేగం అందుకున్నాయి. నేను తెర వైపు చూశాను. అక్కడ చిన్నరాణి ఇంకా గుర్రం ఎక్కలేదు. దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.