పొగ పోయిన బొగ్గులు

ఆ వీధిలో కళ్ళజోళ్ళ కొట్టాయన్ని అందరూ ‘ఎందుకు బాబాయ్’ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. జోడు పగిలిందని వెళ్తే చాలు, ఎలా పగిలింది, ఏ వైపు పడింది, అప్పుడు మీరేం చేస్తున్నారు అని పోలీసులకన్నా ఎక్కువ ఆరా తీస్తాడు. తొందరలో ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళయిన కొత్తలో భార్య చెప్పులు చేతిలో పట్టుకుని, ఎడమ చెప్పు ఒక్కటే మడమ దగ్గర ఎందుకరిగిందా అని గంటసేపు కూర్చున్నాడట. "కొత్త పెళ్ళాం మొహం చూడటం మానేసి చెప్పులు చూశాడు మహానుభావుడు" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అయితే ఒకటి. ముప్ఫై ఏళ్ళలో ఒక్కరికి కూడా అక్కర్లేని జోడు అంటగట్టలేదు. ఈ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు.

ముసురు పట్టిన రోజుల్లో ఒక ఉదయం, పక్క సందులో ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ ఆయన దగ్గరికి వచ్చింది. వారం పది రోజులుగా తల పగిలిపోతోందట. సాయంత్రమయ్యేసరికి చొక్కా గుండీలు రెండేసిగా కనిపిస్తున్నాయట.

"నా కళ్ళు పోతున్నట్టున్నాయి బాబాయ్. ఏదో ఒక జోడు ఇచ్చెయ్యండి, పడుంటుంది."

బాబాయ్ ఆవిణ్ణి అక్షరాల బోర్డు ఎదుట కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూశాడు. ఆవిడ అడుగు వరుసదాకా గడగడా చదివేసింది.

"నీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా, జోడు అక్కర్లేదు. ఇంతకీ నొప్పి ఎప్పుడు మొదలవుతుంది?"

"మధ్యాహ్నం దాటాక. ఇంటికెళ్ళి పడుకుంటే తెల్లారేసరికి పోతుంది."

"మరి ఆదివారం?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "ఆదివారం కొట్టు తియ్యం కదా. ఆ రోజు రాదు."

"మీ ఆయనకి?"

"ఆయనకేం, దుక్కలా ఉన్నాడు. రోజంతా బట్టల మూటలు సైకిలెక్కించుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. ఈ పీడంతా కొట్లో ఉండే నాకూ మా కోడలికే. దానికి నాలుగో నెల, వాంతులంటే మామూలే అనుకోండి. కానీ సాయంత్రమైతే చాలు, పేగులు బయటికొచ్చేలా కక్కుతుంది పాపం."

"ఆదివారం కూడానా?"

"లేదండీ. ఆ రోజు శుభ్రంగా తింటుంది."

బాబాయ్ చేతిలోని అద్దం కింద పెట్టేశాడు.

"కడుపులో బిడ్డకి ఆదివారం సెలవని ఎవరు చెప్పారమ్మా?"

ఆవిడ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆయనకి అసలు సంగతి తట్టింది. ఆ కొట్టులో ఏదో ఉంది. అది పెద్దావిడ తలనీ కాదు, కోడలి కడుపునీ కాదు, ఆ గదిలో ఎవరుంటే వాళ్ళని పట్టుకుంటోంది. అదేమిటో తేల్చకపోతే పుట్టబోయే బిడ్డ సంగతేమిటి?

ఆ మధ్యాహ్నమే వెళ్ళి చూశాడు. గది పట్టుమని పదడుగులుండదు. దుప్పట్లు మడిచి పరిచిన బల్ల, గోడ పొడుగునా మడతల బొత్తులు, మూలన మరకలు పోగొట్టే బ్లీచింగు నీళ్ళ సీసా. సీసా మూత తీసి వాసన చూడగానే ఆయన ముక్కు మండింది. దొరికింది దొంగ అనుకున్నాడు. పెద్ద ఘనకార్యం చేసినవాడిలా సీసాని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, మీసం మెలేస్తూ భార్యకి కథంతా చెప్పాడు. రెండు రోజులయ్యాక అడిగితే, అత్త తలనొప్పి తగ్గలేదు, కోడలి వాంతులూ తగ్గలేదు.

"ఆ సీసా వాళ్ళకి తిరిగిచ్చెయ్యండి, మరకల చొక్కాలతో అవస్థ పడుతున్నారు" అని భార్య గాలి తీసేసింది.

మూడో రోజు వాన కుండపోతగా కురుస్తోంది. సీసా తిరిగివ్వాలన్న వంకతో గొడుగేసుకుని వెళ్ళాడు. కొట్టు షట్టరు మోకాలి ఎత్తుదాకా దించేసి ఉంది. వంగి లోపలికి దూరాడు. కిటికీకి ప్లాస్టిక్ పట్టా బిగించారు. మొన్న ఎండ కాస్తున్న పూట వచ్చాడేమో, ఇవేవీ చూడలేదు.

"తెల్లబట్టల మీద జల్లు పడుతుందని మూసేశాం బాబాయ్" అంది ఆవిడ, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు మారుస్తూ. బల్ల పక్కనే కుంపటి. దాన్ని ఆనుకున్నట్టుగా చిన్న పీట మీద కూర్చుని, మడతల బొత్తి మీద తలవాల్చి కునుకు తీస్తోంది కోడలు.

"కుంపటి లోపలే పెడతారా?"

"వానాకాలం తప్పదు కదండీ. అయినా ఊరికే తెచ్చి పెట్టెయ్యం. చూరు కింద రాజేసి, పొగంతా పోయి కణకణలాడాకే లోపలికి తెస్తాం. బట్టలకి పొగ వాసనంటితే జనం ఊరుకుంటారా? మా అత్తగారి నాటి నుంచీ ఇదే పద్ధతి. చూడండి, రవ్వంత పొగైనా ఉందేమో!"

నిజంగానే లేదు. గది వెచ్చగా, ఉతికిన బట్టల వాసనతో హాయిగా ఉంది. కూర్చోబుద్ధేసింది. కూర్చుని, బొగ్గు ఎంతసేపు నిలుస్తుంది, రోజుకి ఎంత పడుతుంది అని మొదలుపెట్టాడు. అరగంట గడిచేసరికి ఆయన కణతలు టకటకా కొట్టుకోసాగాయి. ఎదుటి గోడ మీది క్యాలెండరు అంకెలు అలుక్కుపోయాయి. నిన్నటిదాకా సూదిలో దారం ఎక్కించిన కళ్ళివి, ఒక్కపూటలో ఏమైనట్టు? పొగైతే చూరు కింద పోయింది సరే. కళ్ళకి కనబడనిది పోయిందని ఎవరు చూశారు?

"అమ్మా, లేపు నీ కోడల్ని!"

ఆవిడ పిలిచింది, భుజం పట్టి కుదిపింది. కోడలు మూలిగిందే కానీ కళ్ళు తెరవలేదు. బాబాయ్ షట్టరు ఒక్క తోపుతో పైకెత్తి, కోడలి చంకల కింద చేతులేశాడు.

"కుంపటి సంగతి తర్వాత, బట్టలు నాశనమైపోనీ! ముందు బయటికి పట్టు!"

ఇద్దరూ కలిసి ఆ పిల్లని హోరువానలో అరుగు మీదికి లాక్కొచ్చారు. గాలీ జల్లూ మొహాన కొట్టాక రెప్పలు కదిలాయి. ఎదురుగా వచ్చిన ఆటోని ఆపి ఆసుపత్రికి పరుగుతీశారు.

డాక్టరమ్మ వినీవినగానే కోడలి మొహానికి ఆక్సిజన్ తొడిగించింది. అత్తనీ, బాబాయ్‌నీ కూడా పక్క మంచాల మీద పడుకోబెట్టింది. మాస్కు మొహాన ఉన్నా బాబాయ్ నోరు ఊరుకుంటుందా? వాసనైనా లేదేమని అడిగాడు.

"అదే దాంతో చిక్కు" అంది డాక్టరమ్మ. "పొగైతే దగ్గొస్తుంది, మనిషి లేచి బయటికి పోతాడు. బొగ్గు ఎర్రగా కాలేటప్పుడు పుట్టే ఈ విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. నెత్తుట్లో ప్రాణవాయువు చోటు ఆక్రమించేస్తుంది. మూసిన గదిలో నిప్పులు పెట్టకూడదు. పెట్టినచోట తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే మొదటి మందు బయటి గాలే, ఆ వెంటనే ఆసుపత్రి. కడుపులో బిడ్డని అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తల్లి తేరుకున్నా వదలదు. అందుకని ఈ అమ్మాయికి ఎక్కువసేపు ఆక్సిజన్ పెట్టాలి. బిడ్డ సంగతి రేపు చూస్తే గానీ చెప్పలేను."

ఇస్త్రీ ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. భర్త వచ్చి పలకరించినా, కొడుకు వచ్చి పలకరించినా కోడలి మంచం మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ కోడలి పొట్ట మీద చిన్న పరికరం ఆనించి అటూ ఇటూ జరిపింది. గరగరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకాస్త కిందికి జరిపింది. గుర్రం పరుగులా టకటకా వినిపించింది.

"ఉన్నాడు" అంది డాక్టరమ్మ. "నెలనెలా తప్పకుండా తీసుకురండి, కనిపెట్టుకుని చూద్దాం."

అప్పుడు పగిలింది అత్త గుండె. కోడలి కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది.

"నేనే తల్లీ! వానగాలి తగిలితే ఒంటికి పడదని, వెచ్చగా ఉంటుందని, నేనే నీ పీట జరిపి జరిపి కుంపటి పక్కన వేశాను. రోజూ వేశాను!"

కోడలు మాస్కు పక్కకి తప్పించి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీరూ అక్కడే ఉన్నారుగా అత్తయ్యా, రోజంతా నిలబడి, అదే గాలి పీలుస్తూ."