అధికారిని మా అత్త అడిగిన మాట

మా మేనత్త పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ మీద ఉన్నాను. "అమ్మ ఇగ లేదు బావా" అన్నాడు. "మరి మోటరు ఎవరు బంద్ చేసిన్రు?" అని అడిగాను. ఆ మాట నా నోట ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

కొత్వాల్‌గూడలో ఉన్న కొద్దిపాటి భూమిలో అత్త పాలకూర, కొత్తిమీర పండించి శంషాబాద్‌లో అమ్మేది. పొద్దున మోటారు వేయగానే పైపు కింద అరచెయ్యి పెట్టేది. "ఇయ్యాల దమ్ము తక్కువున్నది" అనేది, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేనట్టు. ఇంటికొచ్చినవాళ్లు తాగగా చెంబులో మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోయనిచ్చేది కాదు. కొత్తిమీర మడి దాకా నడిచి వెళ్లి పోసేది.

అందరూ భాయ్ అని పిలిచే పక్క పొలం ఆయన బోరు వేసి, ట్యాంకర్లతో గగన్‌పహాడ్ ఫ్యాక్టరీలకు నీళ్లు అమ్మడం మొదలుపెట్టాక అత్త బోరులో గాలి రాసాగింది. ఆకుకూర మళ్లు ఎండాయి. ఇద్దరికీ మాటలు లేవు. ఎవరి నీళ్లు ఎవరు తోడుతున్నారని దర్యాప్తు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని, నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద పొలంలోకి వచ్చి బోర్లు తనిఖీ చేస్తారని, అవసరమైతే ఆపేస్తారని అత్తకు చెప్పింది నేనే. "గంత అధికారమున్నదా? అయితే జల్ది రమ్మను" అంది. ఫిర్యాదు ఇచ్చాం.

విచారణకు అధికారి ఒక మేడం సిబ్బందితో వచ్చింది. "మీ బోరు ఆయన వల్లే ఎండిందా అమ్మా?" అని అడిగింది. అన్ని నెలలు భాయ్‌ని తిట్టిపోసిన అత్త ఆ నిమిషంలో తల గోక్కుంది.

"ఏమో మేడం. ఎండిన సంగతి ఎరుకే. ఎవరి వల్లనో నేను భూమిల దిగి చూసిన్నా?"

నాకు ఒళ్లు మండింది. భాయ్ కూడా బిత్తరపోయి చూశాడు. మేడం మాత్రం భాయ్ మోటారు నడిపించి, మా బోరులోకి టేపు దించి చూసింది. చూస్తుండగానే నీటిమట్టం దిగిపోయింది. ఇక ఎవరి సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. అమ్మకం ఆపేయమని అక్కడే చెప్పి, మోటారుకు సీలు వేయించింది. నేను గెలిచామనుకున్నాను.

అత్త అడిగింది: "మరి నా మోటరు నడిస్తే గాయన బోరుల దిగదా?"

"కొంచెం దిగుతుందమ్మా. మీది చిన్న మోటారు" అంది మేడం.



ఆ తర్వాత మా బోరులో నీళ్లు పెరిగాయి. అత్త మాత్రం సగం మళ్లలోనే విత్తనాలు వేసింది. మిగతావి ఎందుకు ఖాళీగా పెట్టావని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "నాకే సమజైతలేదు అల్లుడా, నీకేం చెప్పాలె?" అది భయమో, జాలో, వయసు మీద పడిందో! చదువుతున్న మీకేమైనా తోస్తుందేమో. నాకు తోచలేదు. కానీ తెలియనిదాన్ని తెలియదనడం ఆమె దగ్గరే చూశాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అంత్యక్రియలు ముగించుకుని వచ్చేసరికి పొలంలోని అత్త ఇంటి ముందు ట్యాంకర్ ఆగి ఉంది. ఎవరూ పిలవలేదు. భాయ్ తనే పైపు పట్టుకుని నిలబడి, స్నానాలకు బకెట్లు నింపుతున్నాడు. ఫిర్యాదు రాసిన చేతులతోనే నేనూ బకెట్ అందుకున్నాను. సీలు ఇంకా తీయలేదు. మరి ఇవి ఎక్కడి నీళ్లు? అడగబోయాను.

"పోసుకో అన్నా, జర చల్లగున్నయి" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పోసుకున్నాను. మా అందరి ఒంటి మీది నుంచి జారిన నీళ్లు ఒకే పాయగా కలిసి, రెండు పొలాల మధ్య గట్టు దాకా పారి, అక్కడి మట్టిలో మెల్లగా ఇంకిపోయాయి.