పదో బోదెకు సున్నా గంటలు

2022 దాళ్వా, అంటే రెండో పంట కాలం. మండపేట దగ్గర ఒక పిల్లకాలువ మీద అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. నీరు తగ్గడంతో వంతులు పెట్టాల్సి వచ్చింది. అంటే కాలువ నుంచి చేలకు నీరు తీసుకెళ్లే పంట బోదెల్లో దేని తూము వారంలో ఎప్పుడు, ఎన్ని గంటలు తెరవాలో ముందే రాసిపెట్టడం. వరి పొట్ట మీదుంది. అప్పుడు నీరందకపోతే కంకి తాలైపోతుంది, తరువాత ఎంత పెట్టినా దండగే.

ఆ లెక్క మా ఆఫీసులో ఏళ్ల తరబడి ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలోని ఒక ప్రోగ్రాం చేసేది. ఎప్పుడో రిటైరైన ప్రకాశరావు గారు రాసింది. సరిగ్గా అవసరం పడిన వారమే దాన్ని నడిపే పాత కంప్యూటర్ కన్నుమూసింది. ప్రోగ్రాం తాలూకు ప్రింటు కాగితాలు మాత్రం బీరువాలో మిగిలాయి.

నా లాప్‌టాప్‌లోకి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ఫోర్ట్రాన్ కంపైలర్ ఒకటి దించుకున్నాను. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. రెండు రోజులు కూర్చుని కాగితాల్లోదంతా టైపు చేశాను. మొదటిసారి నడిపితే తప్పుల జాబితా తెర దాటిపోయింది. పాత ఫోర్ట్రాన్‌లో ప్రతి వరుసకూ మొదటి ఆరు గడులు వదిలి రాయాలి. కాలేజీలో మార్కులు తెచ్చుకున్న పాఠమే, శుభ్రంగా మరిచిపోయాను! వరుసలు జరిపాక ఒక్క తప్పూ లేకుండా షెడ్యూలు వచ్చింది. పై నాలుగు వరుసలు చూసి, నన్ను నేనే మెచ్చుకుని, ప్రింటు తీసి లస్కరు సత్యంగారికి ఇచ్చాను. తూములు ఎత్తేదీ దించేదీ ఆయనే.

ఆయన కాగితం అడుగుదాకా చూశారు.

"బానే ఉందండి మేడమ్" అన్నారు గానీ కదల్లేదు.

"ఏంటండీ?"

"ఏం లేదండి... ప్రతి బోదెకీ కాలవ నిండడానికని రెండేసి గంటలు వేశారేంటా అని. మొదటి తూము ఎత్తేముందు ఒక్కసారి నిండితే చాలు కదండి. రెండో బోదె వంతొచ్చేసరికి కాలవ నిండుగానే ఉంటదండి."

అప్పుడు చూశాను చివరి వరుస. అనవసరపు గంటలన్నీ కలిసి వారాన్ని తినేశాయి. శివారున ఉన్న పదో బోదెకు మిగిలింది సున్నా.

కాలువ ఒకసారి నిండిందన్న సంగతిని ప్రోగ్రాం బోదె నుంచి బోదెకు గుర్తుంచుకోవాలి. పాత కంపైలర్ అలాంటి విలువలను ఎవరూ చెప్పకుండానే దాచి ఉంచేది. కొత్తదానికి ఆ అలవాటు లేదు, ప్రతిసారీ ఖాళీ కాలువే అనుకుంటోంది. మాన్యువల్ తిరగేస్తే విలువలను నిలిపి ఉంచమని చెప్పే ఆప్షన్ దొరికింది. అది చేర్చి, ముందు ప్రకాశరావు గారి కాగితాల చివరున్న పాత అంకెలు వేసి చూశాను. అక్కడే అచ్చయి ఉన్న ఆయన షెడ్యూలు గంటతో సహా తిరిగి వచ్చింది. ఆ తరువాతే మా లెక్క నడిపాను. పదో బోదెకు పదహారు గంటలు.

హమ్మయ్య అనుకుని కొత్త కాగితం ఇస్తే, సత్యంగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పదో బోదె కింద నాది ఎకరం కౌలు చేనుందండి."

"మరి సున్నా కనబడగానే చెప్పొచ్చు కదండీ! అడగందే అమ్మైనా పెట్టదంటారు."

"తూము తాళాలు నా దగ్గరుంటాయి కదండి. నేనడిగితే, తన చేను కోసం లెక్క మార్పించుకున్నాడంటారండి పై రైతులు. అందుకే మిగతా బోదెల సంగతి ఎత్తానండి."

నాకు సిగ్గేసింది.

వారం చివర స్కూటీ మీద శివారుకు వెళ్లాను. పదో బోదెలో నీరు గట్టు ఒరుసుకుంటూ పోతోంది. సత్యంగారి భార్య చేలో మడమల దాకా నీళ్లలో నిలబడి, మడిలోకి నీరు మళ్లే మడవ సరిచేస్తోంది. అదాటున నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ వల్ల మాత్రం కాదు. ఆ రెండేసి గంటల సంగతి దొరికి ఉండకపోతే, ఆ ఎకరం ఎండిపోయినా ఆయన నోరు మెదిపి ఉండేవారు కాదు. తప్పు నాదని నాకు ఎప్పటికీ తెలిసేదీ కాదు.

ఆ కంపైలరే ఇప్పటికీ మాకు వంతులు వేస్తోంది. కాగితం చేతికి రాగానే నేను మాత్రం చివరి వరుస నుంచి పైకి చదువుతాను.